అచ్చమ్మ వేసిన కొసరు

అచ్చమ్మక్క నత్తలు అమ్మడం నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నూజివీడు వెళ్లే రోడ్డు మీద, మామిడికాయలు దించే షెడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. ముందు ఒక సత్తు బేసిన్, అందులో కడిగిన నత్తలు, కొలవడానికి ఒక ఇత్తడి సోల. సోల నిండా కొలిచి కొనేవాళ్ల గిన్నెలో పోశాక ఆమె చెయ్యి మళ్లీ బేసిన్‌లోకి వెళుతుంది. ఒక గుప్పెడు తీసి పైన వేస్తుంది. అది కొసరు. అడిగినవాళ్లకూ వేస్తుంది, అడగనివాళ్లకూ వేస్తుంది. కొసరు లేకుండా గిన్నె చేతికివ్వడం ఆమెకు చేతకాదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వకుండా పంపినట్టు ఉంటుందట.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. భర్త పోయి పదిహేనేళ్లయింది. కూతుర్ని రెడ్డిగూడెంలో ఇచ్చింది. వానలు పడ్డాక నత్తల బేరం పక్కనపెట్టి మా నాట్ల ముఠాకు పెద్దగా ఉంటుంది. పన్నెండు మందిమి. ఎవరికి నడుం పట్టేసినా ఆ మనిషి వరస తనే నాటేసి, ఎవరూ చూడనట్టు తన వరసలోకి వెళ్లిపోతుంది. తను అమ్మవారికి దణ్ణం పెట్టుకుని చేలోకి దిగుతుంది, నేను ప్రభువును తలుచుకుని దిగుతాను. నా ప్రార్థన పూర్తయ్యేదాకా మొదటి మొక్క నాటదు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఇద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నాలుగేళ్ల కిందట మాకు దురద మొదలైంది. మామిడితోటలు మెట్ట మీద ఉంటాయి, వరిచేలు కింద పల్లంలో. పల్లపు చేలకు నీళ్లు తెచ్చే బోదె ఒకటుంది. ఆ నీళ్లలో దిగి నాట్లు వేసిన రోజు సాయంత్రానికి మోకాళ్ల కింద ఎర్రటి పొక్కులు వచ్చేవి. వేపనూనె రాశాం, కొబ్బరినూనె రాశాం, పసుపు రాశాం. వారం రోజులు గోకుతూనే ఉండేవాళ్లం. అందరికంటే అచ్చమ్మక్కకు ఎక్కువ. ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉండే కాళ్లు మరి.

అదే రోజుల్లో పరదేశి ఆవులకు గురక పట్టింది. పరదేశికి అరవై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఆరు నాటు ఆవులున్నాయి, అవే ఇల్లూ సంసారమూ. వాటి పేడ మామిడిచెట్లకు ఎరువు. ఊళ్లో ఏ బాలింతకు పాలు పడకపోయినా పొద్దున్నే ఒక చెంబు ఆవుపాలు గుమ్మం ముందు పెట్టి, పిలవకుండా వెళ్లిపోతాడు. ఆయన ఆవుల్లో గౌరి అనేదానికి ముక్కులో కండ పెరిగి, ఊపిరి తీస్తే రంపం కోసినట్టు చప్పుడు వచ్చేది. తర్వాత ఇంకో రెండింటికి కూడా వచ్చింది. ఎప్పుడు చూసినా ముక్కుల వెంట చీమిడి.

మా దురదనూ ఆ గురకనూ మేమే కలిపేశాం. ఆవుల ముక్కు జబ్బు నీళ్లలో కలిసి మా కాళ్ల మీదికి వచ్చిందని ఊరంతా అనుకుంది. అందరికంటే గట్టిగా అన్నది అచ్చమ్మక్కే. పరదేశి ఎదురుపడితే చీర కుచ్చిళ్లు ఎత్తి పొక్కులు చూపించి, "చూడు, నీ మహాలక్ష్ములు పెట్టిన పారాణి" అనేది. ఆయన తల దించుకుని వెళ్లిపోయేవాడు. తన ఆవులు బుచ్చయ్యగారి రసాల తోటలో తవ్విన గుంటలోనే నీళ్లు తాగుతాయనీ, బోదె వైపు ఎప్పుడూ రాలేదనీ చెప్పేవాడు గానీ వినే ఓపిక మాకు లేదు.

పోయిన ఏడు వానాకాలంలో తబితా వచ్చింది. బాపులపాడు అమ్మాయి. పశువైద్య కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి మా రోడ్డు దగ్గర దిగేది. భుజాన సంచి నిండా బొటనవేలంత గాజు సీసాలు. నత్తల్లో ఉండే పురుగుల మీద పరిశోధన అని చెప్పింది. నత్తలంటే ఊరు ఊరంతా అచ్చమ్మక్కనే చూపించింది.

చక్రాల నత్తలు కావాలంది ఆ అమ్మాయి. అవి వండుకునేవి కావు. చిటికెనవేలి గోరంత ఉంటాయి, చిన్న జంతిక చుట్టలా చదునుగా. ఒక్కొక్క నత్తను ఒక్కొక్క సీసాలో వేసి నీళ్లు పోసి బడి అరుగు మీద ఎండలో పెట్టింది. గంటకల్లా ఒక సీసాలో నీళ్లు పలచగా మసకబారాయి. భూతద్దంలో చూస్తే చీలిన తోకలతో ఏవో గబగబా ఈదుతున్నాయి. చుక్క నీళ్లలో వందలు. 

తబితా మాకు అర్థమయ్యేలా చెప్పింది. పెద్ద పురుగులు పశువు రక్తంలో కాపురం ఉంటాయట. మగది ఆడదాన్ని తన ఒంటి మడతలో పెట్టుకుని బతికినన్నాళ్లూ అలాగే ఉంటుందట. ఆవు ముక్కులో గుడ్లు పెడతాయి. ఆవు నీళ్లు తాగడానికి మూతి ముంచినప్పుడు చీమిడితోపాటు గుడ్లు నీళ్లలో పడతాయి. అందులోంచి వచ్చిన పిల్ల నత్తను వెతుక్కుని లోపలికి దూరుతుంది. అక్కడ ఆ ఒక్కటే వేలవుతుంది. వేలూ ఒకే అచ్చు. వచ్చింది మగదైతే అన్నీ మగవే, ఆడదైతే అన్నీ ఆడవే. అవి మళ్లీ నీళ్లలోకి వచ్చి పశువు చర్మంలోంచి దూరతాయి. పశువనుకుని మనిషి కాల్లోకి దూరినవి ముందుకు పోలేక అక్కడే చచ్చిపోతాయి. మనకు దురద అందుకేనట.

"ఆవుల పురుగు, గేదెల పురుగు, మేకల పురుగు అన్నీ ఈ వయసులో ఇలాగే ఉంటాయి పెద్దమ్మా. చూస్తే తేడా తెలీదు. అందుకే డీఎన్ఏ చదువుతాం. ఏ జాతో చెప్తుంది. రెండు నత్తల్లో ఉన్నవి ఒకే తల్లిదండ్రుల పిల్లలా కాదా, అది కూడా తెలుస్తుంది."

"అంటే పురుక్కి ఇంటిపేరుందన్నమాట" అంది అచ్చమ్మక్క. "నాకే నా ఇంటిపేరు రాయడం రాదు."

ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ బాగా కుదిరింది. తబితా మూడు చోట్ల నుంచి నత్తలు అడిగింది. తోట గుంట, పల్లపు బోదె, పెద్ద చెరువు. ఒక్కోచోట నుంచి యాభై, ఒక్కో డబ్బాలో. అచ్చమ్మక్కకు చదువు రాదని డబ్బాలకు రంగు గుడ్డలు కట్టింది. గుంటకు ఎరుపు, బోదెకు పసుపు, చెరువుకు నీలం. నాలుగు నెలలపాటు పదిహేను రోజులకొకసారి అచ్చమ్మక్క మూడు డబ్బాలూ నింపి బస్సు దగ్గరికి తీసుకెళ్లి తబితా చేతికిచ్చేది. పనికిచ్చే కూలి చాలదన్నట్టు తబితా ఆమెకు రబ్బరు బూట్లు కొనిపెట్టింది, కాళ్లు నీళ్లకు తగలకుండా. అచ్చమ్మక్క ఆ అమ్మాయి కోసం పచ్చి మామిడి తురిమి పప్పు చేసి టిఫిను డబ్బాలో పెట్టేది. ఖాళీ అయిన ఆ టిఫిను డబ్బాను మా ఊరి బస్సు కండక్టరు జాగ్రత్తగా తిరిగి తెచ్చిచ్చేవాడు.

ఫలితం మే నెలలో వచ్చింది. షెడ్డులో మామిడికాయలు గుట్టలుగా పడి ఉన్నాయి, ఊరంతా మామిడి జీడి వాసన. ఓ సాయంత్రం బడి అరుగు మీద అందరం కూర్చున్నాం. బుచ్చయ్యగారు కుర్చీలో. ఆయన గుంట యజమానే కాదు, ఊళ్లో నలుగురూ వినే మనిషి. తబితా కాగితాలు చూసుకుంటూ, బోదె నత్తల్లో కొన్నే పరీక్ష చేశాననీ, చెరువువి ఇంకా చూడలేదనీ, ఇది తుది మాట కాదనీ రెండుసార్లు చెప్పింది. గుంట నత్తల్లో ఉన్నది ఆవు ముక్కు పురుగేనంది. బోదె డబ్బాల్లోని నత్తల్లో కూడా కొన్నింట్లో అదే ఉందంది. పైగా గుంటలోవీ బోదెలోవీ ఒకే తల్లిదండ్రుల పిల్లలు. గుంటకూ బోదెకూ నీళ్ల దారి లేదు. కాబట్టి ఒకే పశువు రెండుచోట్లా మూతి ముంచి ఉండాలి.

ఊళ్లో గురక పెట్టే ఆవులు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

పరదేశి లేచి నిలబడ్డాడు. "నా ఆవులు బోదె మొహం చూడలేదండీ" అన్నాడు.  యంత్రం అబద్ధం చెబుతుందా అన్నారెవరో. వానలు పడకముందే ఆ ఆవులు ఊరు దాటాలనీ, గుంట చుట్టూ కంచె వేయిస్తాననీ బుచ్చయ్యగారు అన్నారు. మేమంతా తలలూపాం. నేనూ ఊపాను. రాయకుండా వదిలేస్తే బాగుండే మాట ఇది, కానీ ఊపాను.

తబితా మాత్రం పరదేశి దగ్గరికి వెళ్లి మందులున్నాయనీ, అమ్మాల్సిన పని లేదనీ ఏదో చెబుతోంది. ఆయన వింటున్నట్టు లేడు. వారం తిరక్కుండా హనుమాన్ జంక్షన్ నుంచి బేరగాడు వచ్చి చూసిపోయాడు. సోమవారం లారీ వస్తుందన్నారు. జబ్బు ఆవుల్ని కొనేవాళ్లు ఎందుకు కొంటారో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరం నోరెత్తలేదు.

శుక్రవారం పొద్దున నేను నత్తల కోసం షెడ్డు దగ్గరికి వెళ్లాను. అచ్చమ్మక్క సోల కొలిచి నా గిన్నెలో పోసింది. అలవాటుగా చెయ్యి బేసిన్‌లోకి వెళ్లింది. గుప్పెడు పైకి తీసింది. అలా తీసిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపటికీ వెయ్యదు, దించదు.

"లీదియా" అంది చివరికి. "గుంటలో ఏరిన నత్త బోదె డబ్బాలో పడితే, ఆ పిల్ల మిషన్‌లో ఏం కనబడుద్ది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది. పొద్దున్నే ముందు గుంటకు వెళ్లేది, అక్కడ చక్రాల నత్తలు బోలెడు. యాభై డబ్బాలో వేసి, మిగిలినవి ఒడిలో పోసుకునేది. తర్వాత బోదె, తర్వాత చెరువు. అంతా అయ్యాక మూడు డబ్బాలూ వరసగా పెట్టి, ఒడిలో ఉన్నవాటిలోంచి ఒక్కో డబ్బా మీద ఒక్కో గుప్పెడు వేసేది. నాలుగు నెలలూ, ప్రతిసారీ. దూరం నుంచి వచ్చే పిల్ల, లెక్కపెట్టి యాభై చేతిలో పెడితే ఏం మర్యాద అని.

గుప్పెడు బేసిన్‌లో వదిలేసి గోనెసంచి మీద కూర్చుండిపోయింది. ఆమె ముఖంలో భయం నేను ఎప్పుడూ చూడలేదు, ఒకసారి చేలో తనను పాము కరిచినప్పుడు కూడా చూడలేదు. తబితా మళ్లీ గుమ్మం తొక్కదేమోనని ఒక భయం. చేతి నిజాయితీ మీద బతికిన మనిషి, ఊళ్లో మాట పడుతుందని ఇంకొకటి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.  నేను లోపల ప్రభువా, ఈవిడకు ధైర్యం ఇవ్వు అని అడిగాను.

ఆమె బేసిన్ నాకు అప్పగించి లేచింది. బస్సు వైపు వెళుతుందనుకున్నాను. పరదేశి కొట్టం వైపు నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. ఆయన గౌరి ఒళ్లు కడుగుతున్నాడు, లారీ ఎక్కించేముందు శుభ్రంగా ఉండాలని కాబోలు. అచ్చమ్మక్క కొట్టం బయటే నిలబడి అంతా చెప్పేసింది, మధ్యలో ఆగకుండా. ఆయన చేతిలోని గడ్డి చుట్ట కింద పెట్టాడు. తిడతాడనే అనుకున్నాను. తిట్టే హక్కుంది.

"మరి నాకెందుకు చెప్తావు అచ్చమ్మా" అన్నాడు. "నా ఆవుల సంగతి నాకు ముందే తెలుసు. ఆ పిల్లకు చెప్పు."

నా ఫోన్‌లోంచి చేశాం. అచ్చమ్మక్క ఫోన్‌ను చెవికి ఆనించకుండా ముఖం ముందు పెట్టుకుని గట్టిగా మాట్లాడింది, తబితా బాపులపాడులో కాక పక్క చేలో ఉన్నట్టు.    అంతా విని, రేపొస్తానంది తబితా.

శనివారం మొదటి బస్సులో దిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏ డబ్బాలో ఏ నత్తలు కలిశాయో గుర్తుందా అని అడిగింది. ఎలా గుర్తుంటుంది. అంటే నాలుగు నెలల బోదె డబ్బాలూ, చెరువు డబ్బాలూ పనికిరానట్టే. అచ్చమ్మక్క కాళ్లకున్న రబ్బరు బూట్లు విప్పి ఆ అమ్మాయి ముందు పెట్టింది.

"ఇవి తీసుకెళ్లమ్మా. ఇంకెవరికైనా ఇవ్వు. నీ చదువు పాడు చేశాను."

 తబితా కింద కూర్చుని, తన చేత్తోనే వాటిని మళ్లీ అచ్చమ్మక్క కాళ్లకు తొడగబోయింది. అచ్చమ్మక్క కంగారుగా కాళ్లు వెనక్కి తీసుకుంది.

"డబ్బాల్లో యాభైకి మించి ఉన్నాయని నేను చూశాను పెద్దమ్మా. ఎందుకున్నాయని అడగలేదు. అడగడం నా పని. మీరు చెప్పకపోయి ఉంటే నేను ఈ అబద్ధాన్ని అచ్చు వేయించేదాన్ని."

ఆ మాటతో ముగ్గురం కలిసి బుచ్చయ్యగారి దగ్గరికి వెళ్లాం. ఆయన మామిడిపండు తింటూ విన్నారు. విన్నాక పండు పక్కన పెట్టి చేతులు కడుక్కున్నారు. నా నోటితో అన్న మాట, నేనే వెనక్కి తీసుకోవాలి అన్నారు. లారీ అతనికి ఆయనే ఫోన్ చేసి రావద్దన్నారు. నాట్ల లోపు మళ్లీ చూసి చెప్పమన్నారు తబితాను. మేం బయటికి వస్తుంటే అచ్చమ్మక్కను పిలిచి, "నువ్వు గుప్పెడు నత్తలు ఎక్కువ వేస్తే ఆరు ఆవులు పోయేవే. ఇంకో గుప్పెడు వేసుంటే నన్ను కూడా లారీ ఎక్కించేదానివి" అన్నారు. ఆమె నవ్వలేదు గానీ, ఆ రెండు రోజుల్లో మొదటిసారి ముఖంలో భయం తగ్గింది.

జూన్ వానలకు మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒకరి ఒడి ఇంకొకరి డబ్బాకు తగలకూడదని ముగ్గురం మూడుచోట్లకు వెళ్లాం. గుంటకు అచ్చమ్మక్క, చెరువుకు మా ముఠాలోని కల్యాణి, బోదెకు నేను. ఏరిన నత్తను ఏరినట్టే సీసాలో వేసి మూత పెట్టాలి. సీసాకు ఒక్కటే. యాభై సీసాలు నిండాక అచ్చమ్మక్క ఖాళీ చేతులు చూసుకుంటూ గట్టు మీద నిలబడేది. ఆవుల్ని తోలుకొస్తున్న పరదేశి అది చూసి, "ఆ కొసరేదో నా దోసిట్లో వెయ్యి, నీకు తృప్తిగా ఉంటుంది" అన్నాడట. నాలుగేళ్లలో ఆయన ఆమెతో ఆడిన మొదటి పరాచికం అదే.

జూలై చివర్లో తబితా కాగితాలతో వచ్చింది. అదే బడి అరుగు. ఈసారి తుది మాట అని ముందే చెప్పింది. గుంటలో ఉన్నది ఆవు ముక్కు పురుగే. చెరువులో ఏ పురుగూ లేదు. బోదెలో ఉంది, దండిగా ఉంది. అయితే అది వేరే జాతి. గుంటలోని పురుగులతో దానికి ఏ బంధుత్వమూ లేదు. ముక్కులో కాదు, పేగుల పక్క రక్తనాళాల్లో ఉండి పేడలో గుడ్లు పంపుతుంది. గురక ఉండదు, పైకి ఏమీ కనపడదు. ఎక్కువగా గేదెల్లో ఉంటుంది.

బోదెలో గేదెల్ని ఎవరు కడుగుతారో ఎవరూ అడగలేదు. నాట్లకు దిగబోయే ముందు మా ముఠా వాళ్లమే తోలుకెళ్లి ముంచేవాళ్లం. నాకున్నది ఒకటే గేదె. అదీ అందులోనే.

 "అయితే నాలుగేళ్లుగా మన కాళ్లు కొరికింది మన గేదెలేనా" అని కల్యాణి సన్నగా అంది. ఎవరో నవ్వాపుకోలేకపోయారు. అచ్చమ్మక్క నవ్వలేదు. లేచి, అందరూ చూస్తుండగా పరదేశి ముందుకు వెళ్లి నిలబడింది.

"అన్నా, నోటికొచ్చినట్టు అన్నాను. నీ ఆవుల్ని అన్నాను, నిన్నూ అన్నాను. తప్పైంది."

ఆమె ఆయన్ని అన్నా అని పిలవడం అదే మొదలు. పరదేశి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆవులకు చెప్తాలే అన్నాడు.

కంచె కోసం తెప్పించిన సిమెంటుతో బుచ్చయ్యగారు గుంట గట్టున నీళ్ల కుండీ కట్టించారు. బోరు నీళ్లు అందులోకి వస్తాయి. ఆవులు అక్కడే తాగుతాయి, మూతులు గుంటలో మునగవు. గౌరికి సూదిమందు మొదలైంది. చప్పుడు కొంచెం తగ్గింది, రాత్రిళ్లు పడుకుంటోందని పరదేశి చెప్పాడు. మా గేదెల్ని బోరు దగ్గరే కడుగుతున్నాం. నత్తల్లో ఇప్పటికే చేరిన పురుగులు ఉంటాయి కాబట్టి దురద ఈ ఏడాదే పోదనీ, రెండు మూడు నాట్లకు బాగా తగ్గాలనీ తబితా చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది కాబట్టి మాకు నమ్మకం కుదిరింది.

ఆగస్టు మొదటి వారంలో పశువుల డాక్టరు శ్రీకాంత్‌గారు గేదెలకు మందు పోయడానికి వచ్చారు. ఊళ్లో గేదెలన్నీ షెడ్డు ముందు చేరాయి. గొట్టం చూడగానే బెదిరి, ఒక్కటీ నోరు తెరవలేదు. తాళ్లు తెంపుకోబోయాయి. డాక్టరుగారి చొక్కా నిండా మందే. అప్పుడు పరదేశి ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఒక్కో గేదె మెడ కింద చెయ్యి వేసి, చెవి దగ్గర ఏదో అంటూ, మూతి పైకెత్తి పట్టుకున్నాడు. అచ్చమ్మక్క పక్కన నిలబడి డాక్టరుగారికి గొట్టం అందించింది. మాలో ఎవరెవరం ఆయన ఆవుల్ని ఏమేమన్నామో ఆయనకు తెలుసు. ఒక్కొక్కరి గేదెనూ అదే చేత్తో పట్టుకున్నాడు.

నా గేదె వంతు వచ్చింది. అది ఎవరికీ లొంగదు. దాని మూతి ఆయన అరచేతిలో పెట్టి బుగ్గ నిమురుతుంటే కళ్లు మూసుకుంది.

"దీనికి కాస్త పొగరెక్కువ చెల్లెమ్మా" అన్నాడు. "అయినా మంచిదే. తాడు వదులు చెయ్యి, మెడ కోసుకుపోతోంది."

నేను తాడు వదులు చేశాను.